ఐడ్లింగ్‌లో కారు వణుకుతోందా, రేస్ ఊగుతోందా? డాలీగంజ్ ఉప్పుగాలిలో లోపం పట్టుకోవడం ఇలా

కారు ఆగి ఉంది. గేరు న్యూట్రల్‌లో ఉంది, యాక్సిలరేటర్ మీద కాలు లేదు. అయినా ఆర్‌పీఎం ముల్లు 800కీ 1,500కీ మధ్య ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఇంకో కారులో ముల్లు పెద్దగా కదలదు కానీ స్టీరింగ్, సీటు వణుకుతుంటాయి. డ్రైవర్లు రెండింటినీ కలిపి ‘ఐడ్లింగ్ బాగోలేదు’ అంటారు. నిజానికి ఇవి వేర్వేరు జబ్బులు. మొదటిది ఎక్కువగా గాలి లెక్క తప్పడం వల్ల వస్తుంది. రెండోది సాధారణంగా ఏదో ఒక సిలిండర్ సరిగా మండకపోవడం, అంటే మెకానిక్కులు చెప్పే ‘మిస్సింగ్’. ఈ తేడా చూసుకోకుండా ప్లగ్గులు, సెన్సర్లు, పంపు వరసబెట్టి మార్చడం ఎక్కడైనా దండగే.

డాలీగంజ్‌లో ఆ దండగ మరింత ఎక్కువ. ఇది 2024 సెప్టెంబర్ దాకా పోర్ట్ బ్లెయిర్‌గా పిలిచిన శ్రీ విజయపురం శివారు ప్రాంతం. స్థానికంగా దొరకని విడిభాగం చెన్నై, కోల్‌కతా, విశాఖల నుంచి ఓడలోనో విమానంలోనో రావాలి. విశాఖ నుంచి సముద్ర దూరమే సుమారు 1,200 కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో 13 శాతం మంది మాతృభాష తెలుగు. వారిలో చాలామందివి ఉత్తరాంధ్ర మూలాలు. ఊరి నుంచి వచ్చే బంధువు చేత కాయిల్ తెప్పించుకోవచ్చు, కానీ పాడైంది కాయిలేనని ముందు తేలాలి కదా! పైగా ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన, ఎప్పుడూ తేమ, ఉప్పుగాలి. భీమిలి, కాకినాడ తీరాల్లో కార్లు వాడేవారికీ ఈ బాధలు కొంత తెలిసినవే.

ముందుగా, ఏది జబ్బు కాదో చూడాలి. చిన్న పెట్రోల్ కార్లలో వేడెక్కిన ఇంజిన్ సాధారణంగా 700 నుంచి 850 ఆర్‌పీఎం దగ్గర నిలుస్తుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే 1,200 పైకి వెళ్లి, రెండు మూడు నిమిషాల్లో దిగిరావడం మామూలే. ఏసీ కంప్రెసర్ పట్టుకున్నప్పుడు ముల్లు ఒక్కసారి కదిలి సర్దుకోవడమూ అంతే. ముల్లు నిలకడగా ఉండి, శబ్దం కూడా సమంగా ఉండి, బాడీ మాత్రం అదురుతుంటే ఇంజిన్ మౌంటింగుల రబ్బరు చూడాలి. దానికి ప్లగ్గులు మార్చి లాభం లేదు.

ఇక రేస్ ఊగడం. ఐడ్లింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది, ఇంజిన్ పీల్చే గాలి చాలా తక్కువ. అందుకే థ్రాటిల్ తర్వాత ఎక్కడో చిన్న హోస్ పైపు పగిలినా, ఆ దొంగగాలి మొత్తంలో పెద్ద వాటా అవుతుంది. 2,500 ఆర్‌పీఎం దగ్గర అదే చిల్లు లెక్కలోకి రాదు. ‘రోడ్డు మీద బాగానే పోతోంది, ఆపితేనే ఊగుతోంది’ అనే ఫిర్యాదు వెనక కారణం తరచూ ఇదే.

కారులో ఏ సెన్సర్ ఉందన్నది ఇక్కడ ముఖ్యం. చాలామంది దీన్ని వదిలేస్తారు. గాలిని నేరుగా కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ ఉన్న కారులో దొంగగాలి కొలతకు దొరకదు. పెట్రోల్ చాలక మంట పలచబడుతుంది, కంప్యూటర్ పీ0171 కోడ్ చూపుతుంది. మన చిన్న కార్లు చాలావాటిలో ఉండేది మానిఫోల్డ్ ఒత్తిడిని కొలిచే ఎంఏపీ సెన్సర్. చిల్లు వల్ల ఆ ఒత్తిడి పెరుగుతుంది, గాలి ఎక్కువ వచ్చిందనుకుని కంప్యూటర్ దానికి తగ్గట్టు పెట్రోల్ కూడా పెంచుతుంది, రేస్ ఎక్కుతుంది. యాక్సిలరేటర్ నొక్కకుండానే రేస్ ఒక హద్దు దాటితే, బండి దిగువకు జారుతోందనుకుని కొన్ని కార్లలో కంప్యూటర్ పెట్రోల్ ఆపేస్తుంది. రేస్ పడిపోగానే మళ్లీ ఇస్తుంది. ముల్లు తాళం వేసినట్టు ఎక్కి దిగడం ఈ ఆట వల్లే. అంటే ఎంఏపీ కారులో పీ0171 రాలేదు కాబట్టి లీకు లేదనుకోవడం పొరపాటు. ఐడ్లింగ్ ఉండాల్సినదానికన్నా ఎక్కువైందని చెప్పే పీ0507 రావచ్చు, ఏ కోడూ రాకపోవచ్చు.

లీకు వెతకడానికి ముందు చెవి, చెయ్యి చాలు. బ్రేక్ బూస్టర్‌కు వెళ్లే గొట్టం, పీసీవీ వాల్వు గొట్టం, ఇన్‌టేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ అంచులు చూడాలి. బ్రేక్ నొక్కి పట్టుకున్నప్పుడు రేస్ మారి ‘స్స్’ మంటే బూస్టర్ వైపు అనుమానించాలి. పెట్రోల్ ఆవిరిని ఇంజిన్‌కు పంపే పర్జ్ వాల్వు తెరుచుకుని ఉండిపోయినా ఇదే లక్షణం. ట్యాంకు నింపిన వెంటనే తేడా ఎక్కువైతే దాని గొట్టాన్ని కాసేపు నొక్కిపట్టి చూడొచ్చు. రేస్ కుదురుకుంటే దొంగ దొరికినట్టే. వేడి ఇంజిన్ మీద మండే క్లీనర్ చల్లి లీకు వెతికే పాత పద్ధతి మాత్రం వద్దు, అగ్గి అంటుకుంటుంది. వర్క్‌షాపులో పొగ యంత్రం ఉంటే అదే మేలు.

లీకు లేకపోతే థ్రాటిల్ బాడీలో మసి చూడాలి. దాన్ని తుడవడం తేలికే, తర్వాతి మెట్టే చాలామంది మరిచిపోతారు. మసికి అలవాటుపడిన కంప్యూటర్ థ్రాటిల్‌ను కాస్త ఎక్కువ తెరిచి ఉంచుతుంది. శుభ్రం చేశాక అదే తెరుపు ఎక్కువ గాలినిస్తుంది కాబట్టి రేస్ పెరుగుతుంది. ఆ మోడల్‌కు చెప్పిన పద్ధతిలో ‘ఐడిల్ రీలెర్న్’ చేయాలి. అది చేయకుండా ‘కొత్త థ్రాటిల్ బాడీ వేయాలి’ అని ఎవరైనా అంటే ఆగి ఆలోచించాలి.

స్కానర్ ఉంటే పని సగం తగ్గుతుంది. బీఎస్-6 ప్రమాణాలు వచ్చిన 2020 ఏప్రిల్ 1 తర్వాతి కార్లే కాదు, అంతకుముందు కొన్నేళ్లలో వచ్చినవీ చాలావరకు చౌక ఓబీడీ పరికరంతో చదవొచ్చు. కోడ్‌తో ఆగిపోకుండా ఫ్యూయల్ ట్రిమ్ చూడాలి. ఎంఏఎఫ్ కారులో ట్రిమ్ ఐడ్లింగ్‌లో ప్లస్ 15 ఉండి, 2,500 ఆర్‌పీఎంలో సున్నా దగ్గరకు వస్తే గాలి లీకు. రెండుచోట్లా ఎక్కువే ఉంటే పెట్రోల్ ఒత్తిడి చాలడం లేదా, సెన్సర్ మురికిపట్టిందా అని చూడాలి.

వణుకు విషయంలో వెతికే దారి వేరు. పీ0301 అంటే ఒకటో సిలిండర్ మిస్సింగ్, పీ0302 రెండోది, అలా. సిలిండర్‌కో కాయిల్ ఉన్న ఇంజిన్‌లో, తాళం తీసేశాక ఒకటో కాయిల్‌ను రెండోదానితో మార్చి మళ్లీ నడపాలి. కోడ్ పీ0302కి మారితే కాయిల్ పోయినట్టు. మారకపోతే ప్లగ్గులు అటూ ఇటూ మార్చి చూడాలి, ఆ తర్వాత ఇంజెక్టర్. ఓడకోసం ఎదురుచూడక్కర్లేని, పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ పీకడం ప్రమాదం, అక్కడ వేల వోల్టులుంటాయి.

ఉప్పుగాలి ముందుగా దెబ్బతీసేది కరెంటు కలిసేచోట్లనే. కాయిల్ కనెక్టర్ పిన్నుల మీద పచ్చని చిలుము, బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, ఇంజిన్‌కు వెళ్లే ఎర్త్ తీగ దగ్గర తుప్పు చూడాలి. వానరోజున వణికి, ఎండకాయగానే మామూలైతే అనుమానం ముందు వీటి మీదకే పోవాలి. ప్లగ్గు గుంతలో నీళ్లు నిలిచినా అంతే. ఇంజిన్‌ను నీళ్ల ప్రెషర్‌తో కడిగించిన మర్నాడు మిస్సింగ్ మొదలవడం మామూలు కథే. కనెక్టర్లను కాంటాక్ట్ క్లీనర్‌తో తుడిచి, ఆరబెట్టి, ఎర్త్ బోల్టు విప్పి గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే కొన్ని కార్లు అక్కడే బాగవుతాయి.

డీజిల్ బండికి ప్లగ్గులు, కాయిళ్ల గొడవ లేదు. అక్కడ ముందు ఫిల్టర్ అడుగున చేరిన నీరు తీసేయాలి, ఇంధన గొట్టాల్లో గాలి చొరబడుతోందేమో చూడాలి, తర్వాత ఇంజెక్టర్ల రిటర్న్ కొలవాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండి ఒకే సిలిండర్ మొండికేస్తుంటే కంప్రెషన్ పరీక్షే మిగులుతుంది. వాల్వు సరిగా మూసుకోకపోయినా, రింగులు అరిగినా అందులో బయటపడుతుంది. ఈలోగా చెక్ ఇంజిన్ దీపం వెలిగి ఉంటే నెమ్మదిగా వర్క్‌షాపు దాకా వెళ్లొచ్చు. అది ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం బండి ఆపేయాలి. మండని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తుంది. ఒక కాయిల్‌తో పోయే ఖర్చు అక్కడితో ఎన్నో రెట్లవుతుంది.