లక్క రికార్డులు, వినైల్ రికార్డులు: దుమ్ము దులిపిన చరిత్ర

లక్క అనగానే మనవాళ్ళకు ఏటికొప్పాక బొమ్మలు, భారతంలో లక్క ఇల్లు గుర్తుకొస్తాయి. వడ్రంగం పని తెలిసినవాళ్ళకు బీరువాలకు వేసే పాలిషు గుర్తుకొస్తుంది. లక్క పెంకులను స్పిరిట్‌లో నానబెడితే కరిగిపోతాయి. ఆ ద్రావణాన్నే గుడ్డతో చెక్క మీద రుద్దుతారు. ఈ చివరి సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. గ్రామఫోను రికార్డులను శుభ్రం చేసే చరిత్రలో సగం ఇందులోనే ఉంది.

పోయిన వేసవిలో మన బడి పాత భవనంలో సామాన్ల గది ఖాళీ చేయిస్తుంటే ఒక చెక్కపెట్టె బయటపడిన సంగతి మిత్రులకు తెలుసు. అందులో ఇరవై ఆరు రికార్డులు, ఒక కీ గ్రామఫోను, ఒక రేకు డబ్బా నిండా ముళ్ళు. నేను రేడియోలో ఇంజనీరింగు విభాగంలో ముప్పై ఏళ్ళు పనిచేశానని కార్యవర్గం వాటిని నాకు అప్పగించింది. స్వర్ణోత్సవం రోజున ఆ గ్రామఫోను మీదే వాటిని వేదికపై వినిపించాలని అందరి కోరిక. ఒక మిత్రుడైతే ఆస్పత్రి స్పిరిటు సీసా, దూది పట్టుకుని మా ఇంటికే వచ్చాడు. కాఫీ ఇచ్చి, సీసా మూత తియ్యనివ్వకుండా పంపించాను. ఎందుకు తియ్యనివ్వలేదో అప్పుడు తీరిగ్గా చెప్పలేకపోయాను. సంపాదకులు ఇక్కడ చోటిచ్చారు కాబట్టి చెబుతున్నాను.

ఎమిల్ బెర్లినర్ పళ్ళెంలాంటి రికార్డుకు 1887లో పేటెంటు అడిగాడు. మొదట గట్టి రబ్బరుతో చేశారు. అది సరిగా అచ్చు పడేది కాదు. 1890ల మధ్యలో లక్కకు మారారు. అప్పటి నుంచి అరవై ఏళ్ళ పాటు ప్రపంచంలో ఏ గాయకుడి గొంతు ఇంటింటికీ వెళ్ళాలన్నా మన దేశపు అడవుల్లో కుసుమ, మోదుగ కొమ్మల మీద పురుగులు పెట్టే లక్కే కావాల్సి వచ్చింది. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాట రికార్డు చేసుకుని వెళ్ళాడు. పలకలు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయి ఓడల్లో తిరిగి వచ్చాయి. అంటే లక్క ఇక్కడి నుంచి అక్కడికి, పాట అక్కడి నుంచి ఇక్కడికి. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టాక ఆ తిప్పలు తగ్గాయి. తరవాత డమ్‌డమ్ ఫ్యాక్టరీ వచ్చింది.

ఆ రికార్డులో లక్క పాలు నిజానికి తక్కువే. ఎక్కువ భాగం మెత్తగా నూరిన రాతిపొడి. దానికి కాస్త నూలు పీచు, నల్లరంగుకు మసి కలిపేవారు. రాతిపొడి ఖర్చు తగ్గించడానికే కాదు, దానికి ఇంకో పని ఉంది. ఉక్కు ముల్లు గాడిలో దిగిన మొదటి కొన్ని చుట్లలోనే ఆ రాతిపొడి ముల్లును అరగదీసి గాడి ఆకారానికి తెస్తుంది. రికార్డు అరగకుండా ముల్లు అరగాలన్నది ఏర్పాటు. అందుకే ఒక పక్కకు ఒక ముల్లు. డబ్బాలో రెండు వందల ముళ్ళంటే రెండు వందల పక్కలు, అంతే. కానీ మన ఊళ్ళలో జరిగింది వేరు. ముల్లు కొనాలంటే పట్నం పోవాలి. ఒక్క ముల్లుతో పది పాటలు వేసినవాళ్ళున్నారు, మొద్దుబారిన ముల్లును ఆకురాయి మీద నూరి మళ్ళీ వాడినవాళ్ళూ ఉన్నారు. సౌండుబాక్సు వంద గ్రాములకు మించిన బరువుతో గాడిలో కూర్చుంటుంది. అరిగి అంచు తేరిన ముల్లు అంత బరువుతో తిరిగితే అది ఉలి. మన పెట్టెలో కొన్ని పలకల మీద నలుపు పోయి బూడిదరంగు తిరిగిన చారలున్నాయి. వాటిని చూసి చాలామంది దుమ్మనుకుంటారు. అది దుమ్ము కాదు, ఎన్నిసార్లు తుడిచినా పోదు. అక్కడ గాడి తెగిపోయింది.

ఇంకో భ్రమ కూడా ఇలాంటిదే. 78 రికార్డు పెట్టగానే పాట వెనక సన్నగా బుస వినిపిస్తుంది. అది మురికి వల్ల వచ్చేది కాదు, ఆ రాతిపొడి చప్పుడు. కొత్త రికార్డులోనూ ఉండేది. మురికి చేసే చప్పుడు వేరు. తాలింపులో ఆవాలు పేలినట్టు చిటపటలాడుతుంది, ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ. కడిగితే పోయేది ఈ చిటపట. బుస పోవాలని పట్టుబట్టి కొబ్బరినూనె, కిరసనాయిలు పూసినవాళ్ళను నేను చూశాను. నూనె రాసిన రోజున నల్లగా నిగనిగలాడుతుంది, నిజమే. నెల తిరిగేసరికి ఆ జిడ్డుకు దుమ్మంతా అతుక్కుని గాడిలో గట్టిపడుతుంది. పాత రికార్డులను దుమ్ము కంటే మంచి మనసుతో చేసిన శుభ్రతే ఎక్కువ పాడుచేసిందని నా నమ్మకం.

స్పిరిటు సంగతి ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. బీరువా పాలిషులో లక్కను కరిగించేది ఏదో, రికార్డులో లక్కను కరిగించేదీ అదే. దూదితో ఒక్కసారి గట్టిగా తుడిస్తే చాలు, గాడి గోడలు మెత్తబడి పాట చెదిరిపోతుంది. దూదికి అంటుకునే నలుపు మురికి కాదు, ఆ రికార్డే. ఒకసారి పోయిన గాడిని ఏ యంత్రమూ తిరిగి తేలేదు.

మరి స్పిరిటుతో తుడవాలన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? అదీ ఉత్తదేమీ కాదు. వినైల్ రికార్డుల కాలం నుంచి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో లక్క దొరకడం కష్టమై 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డు కంపెనీల వాడకానికి కోత పెట్టింది. సైనికులకు పంపే రికార్డులను వినైల్ ప్లాస్టిక్‌తో చేశారు. 1948లో కొలంబియా కంపెనీ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్.పి.ని, మరుసటి ఏడు ఆర్.సి.ఎ. 45 చుట్ల రికార్డును తెచ్చాయి. మూడు నిమిషాల పద్యం పోయి ఇరవై నిమిషాల పక్క వచ్చింది. మన దేశంలో మాత్రం లక్క తొందరగా పోలేదు. 1960లలో బీటిల్స్ పాటలు కూడా ఇక్కడ 78లుగా అచ్చయ్యాయంటే ఇంగ్లండులో వాళ్ళు ఇప్పటికీ నమ్మలేనట్టు చూస్తారు. కరెంటు లేని ఊళ్ళకు కీ గ్రామఫోనే దిక్కు కదా.

వినైల్‌లో రాతిపొడి లేదు కాబట్టి బుస లేదు. ఆ నిశ్శబ్దమే దాని ఇబ్బంది. నిశ్శబ్దంలో చిన్న దుమ్ముకణం కూడా టప్పున పేలుతుంది. గాడి కూడా సన్నం, తలవెంట్రుక మందాన్ని మించదు. పైగా ప్లాస్టిక్‌ను గుడ్డతో రుద్దితే స్థిర విద్యుత్తు పుట్టి గదిలో దుమ్మంతా దాని మీదకే లాక్కుంటుంది. తలదువ్విన దువ్వెనకు కాగితం ముక్కలు అంటుకునే ప్రయోగం తొమ్మిదో తరగతిలో మనమంతా చేశాం, అదే ఇది. అందుకే రికార్డు శుభ్రత ఒక విద్యగా మారింది ఈ కాలంలోనే. 1950లలో ఇంగ్లండులో సెసిల్ వాట్స్ ‘డస్ట్ బగ్’ అనే చిన్న చెయ్యి తయారుచేశాడు. పాట నడుస్తుండగానే అది స్టైలస్‌కు ముందు ముందు గాడిని ఊడ్చుకుంటూ పోతుంది. తరవాత ‘గ్రామఫోన్’ పత్రికలో సాంకేతిక వ్యాసాలు రాసే పెర్సీ విల్సన్, తుడవడం కాదు, తడిపి మురికిని నీళ్ళతో సహా పీల్చెయ్యాలన్నాడు. ఆ ఆలోచన మీద కీత్ మాంక్స్ 1969లో యంత్రం అమ్మకానికి పెట్టాడు. బ్రష్షు తడుపుతుంది, సన్నని గొట్టం పీలుస్తుంది, గొట్టం మూతి రికార్డును గీరకుండా మధ్యలో నైలాన్ దారం కదులుతూ ఉంటుంది. బి.బి.సి. లాంటి సంస్థలు కొనుక్కున్నాయి. తడపడానికి వాడింది నీళ్ళలో కలిపిన ఆల్కహాలు. వినైల్‌కు అది ఏమీ చెయ్యదు, తొందరగా ఆరిపోతుంది కూడా. ఆ మాటే నోటా నోటా తిరిగి ‘రికార్డులకు స్పిరిటు మంచిది’ అయింది. ఏ రికార్డుకో అన్నది మధ్యలో జారిపోయింది.

కాబట్టి చేతిలోకి తీసుకోగానే ముందు అదేదో తేల్చుకోవాలి. లక్కది బరువుగా ఉంటుంది, గోటితో తడితే కొత్త కుండలా మోగుతుంది, వంగదు, జారితే పెంకులౌతుంది. వినైల్ కాస్త వంగుతుంది, తడితే మొద్దు చప్పుడు. చుట్ల అంకె చూసి నిర్ణయించకండి, 78 చుట్ల వినైల్ పలకలూ ఉన్నాయి. మన పెట్టెలో పంతొమ్మిది లక్కవి, ఏడు వినైల్.

నేను చేస్తున్నది ఇంతే. పొడి దుమ్మును మెత్తటి బ్రష్షుతో గాడి వెంట గుండ్రంగా దులపడం, అడ్డంగా ఎప్పుడూ కాదు. తరవాత డిస్టిల్డ్ వాటరులో గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు. మన బోరు నీళ్ళు పనికిరావు. ఆరాక గిన్నెల అడుగున తేరే తెల్లటి పొరే గాడిలోనూ తేరుతుంది. లేబులు తడవకుండా ఒక ప్లాస్టిక్ మూత అడ్డం పెట్టాలి. లక్క పలకను నానబెట్టకూడదు. లోపలి పీచు నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ముందే వెంట్రుకవాసి బీట ఉంటే అది విచ్చుకుంటుంది. గబగబా కడిగి, మంచి నీళ్ళతో మళ్ళీ తొలిచి, నూలు పోగులు వదలని మెత్తటి గుడ్డతో అద్ది, నీడలో నిలువుగా ఆరబెట్టాలి. వినైల్‌కు ఇంత భయం అక్కర్లేదు, మొండి జిడ్డుకు కాస్త పలచని ఆల్కహాలు వాడినా తప్పులేదు. అయితే పాత అట్టకవర్లో మళ్ళీ పెడితే చేసినదంతా వృథా. బూజు ఉండేది అందులోనే. కొత్త కాగితపు కవరు వేసి, పాత కవరు విడిగా దాచాలి.

ఇంత శ్రమ ఎందుకు, అన్నీ ఇంటర్నెట్‌లో దొరుకుతాయిగా అని ఒకరిద్దరు అడిగారు. ఘంటసాల భగవద్గీత దొరుకుతుంది. ఆయన పోయాక 1974లో వచ్చిన ఆ ఎల్.పి. వినని తెలుగు వీధి లేదు. మన పెట్టెలో ఉన్న ప్రతి కొన్నిసార్లు ఆగి తిరిగినా నష్టం లేదు. కానీ కపిలవాయి రామనాథశాస్త్రి, మాధవపెద్ది వెంకట్రామయ్య లాంటి రంగస్థల నటుల పద్యాలు అలా కాదు. సినిమాకు ముందు తరం రాగం తియ్యడం ఎలా ఉండేదో చెప్పడానికి మిగిలింది ఈ మూడేసి నిమిషాల లక్క పలకలే. అన్ని పలకలకూ అన్ని చోట్లా నకళ్ళు లేవు. మన వాటిలో ఒకదానికి లేబులు పూర్తిగా పురుగు తినేసింది. ఎవరి గొంతో, ఏ నాటకమో, విని పోల్చుకోవాల్సిందే. మన సంఘంలో ఆ పద్యాలు చిన్నప్పుడు విన్న పెద్దలు ఎనభై దాటినవాళ్ళు ముగ్గురున్నారు.

అందుకే వేదిక మీద అసలు పలకలు వెయ్యడానికి నేను ఒప్పుకోలేదు. కడిగినవాటిని తేలికపాటి పికప్‌తో, 78 గాడికి సరిపడే వెడల్పు స్టైలస్ పెట్టి కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. ఉక్కు ముల్లు అరగదీసిన లోతుకు కాస్త పైనో కిందో ఆనే స్టైలస్ దొరికితే చెడిందనుకున్న పక్కలోనూ గొంతు తేటగా వస్తుంది. ఇప్పటికి పదకొండు అయ్యాయి. లేబులు లేనిది పన్నెండోది. దాన్ని ఆ ముగ్గురు పెద్దల ముందే వినిపిస్తాను. సభలో మీరు వినేది ఈ నకళ్ళనే.

కీ గ్రామఫోను మోగదా అని పిల్లలు అప్పుడే మొహం చిన్నబుచ్చుకున్నారు. మోగుతుంది. ఇంగ్లీషు ఉచ్చారణ నేర్పే పాఠం పలకలు మన పెట్టెలో జతలున్నాయి. అందులో ఒకటి ఎలాగూ సగం అరిగిపోయింది. వేదిక మీద వేసేది దాన్నే. కీ పూర్తిగా తిప్పాలి, పక్క మార్చినప్పుడల్లా ముల్లు మార్చాలి. డబ్బాలో ఇంకా ముప్పై నాలుగున్నాయి.