ఇలా భట్: సూరత్ మురికివాడల నుంచి మహిళా బ్యాంకు దాకా

యజమాని లేని స్త్రీ కార్మికురాలవుతుందా? తలపై బట్టల మూటలు మోసే స్త్రీలు, వీధుల్లో కూరగాయలు అమ్మేవారు, ఇంటివద్దే కుట్టుపని చేసేవారు కార్మికులేనని చట్టబద్ధమైన గుర్తింపు సాధించిన నాయకురాలు ఇలా భట్.

1933 సెప్టెంబరు 7న అహ్మదాబాద్‌లో జన్మించిన ఆమె బాల్యం, విద్యాభ్యాసం సూరత్‌లో గడిచాయి. స్వతంత్ర భారతదేశపు తొలి జనగణన 1951లో జరిగినప్పుడు, విద్యార్థినిగా ఆమె సూరత్ మురికివాడల్లో కుటుంబాల వివరాలు సేకరించారు. మరుసటి ఏడాది అక్కడి ఎం.టి.బి. కళాశాలలో పట్టభద్రురాలయ్యారు. అహ్మదాబాద్‌లో న్యాయవిద్య పూర్తిచేసి, 1955లో జౌళి కార్మికుల సంఘమైన మజూర్ మహాజన్‌లో చేరారు.

1972లో ‘సేవ’ సంఘాన్ని స్థాపించినప్పుడు, యజమాని లేనిచోట కార్మిక సంఘమెలా ఉంటుందని అధికారులు అభ్యంతరం చెప్పారు. సంఘం ఉన్నది యజమానిపై పోరుకు మాత్రమే కాదు, కార్మికుల ఐక్యతకు అని ఆమె వాదించి నమోదు సాధించారు. 1974లో సుమారు నాలుగు వేల మంది స్త్రీలు తలా 10 రూపాయల వాటా చెల్లించి సహకార బ్యాంకును నెలకొల్పుకున్నారు. అక్షరాస్యత లేని ఖాతాదారులను సంతకానికి బదులు ఛాయాచిత్రంతో గుర్తించే పద్ధతి ప్రవేశపెట్టారు. వడ్డీ వ్యాపారిపై ఆధారపడిన స్త్రీకి తన పేరిట ఖాతా ఏర్పడింది.

ఇదే సమస్య 1957లో స్వాతంత్ర్యం పొందిన ఘనాలోనూ ఉండేది. సంతల్లో వర్తకం అధికంగా స్త్రీల చేతుల్లోనే ఉన్నా, తనఖాకు ఆస్తి లేనందున బ్యాంకు రుణాలు వారికి అందేవి కావు. మేనత్త ఇచ్చిన 10 షిల్లింగులతో నారింజపండ్ల జామ్ తయారుచేసి, ఆహారశుద్ధి పరిశ్రమను నిర్మించిన ఎస్తర్ ఓక్లూ ఆ దేశ ప్రతినిధిగా నిలిచారు. 1975 మెక్సికో అంతర్జాతీయ మహిళా సదస్సులో పాల్గొన్న ఈ ఇద్దరి ఆలోచన 1979లో ‘విమెన్స్ వరల్డ్ బ్యాంకింగ్’ సంస్థగా రూపుదాల్చింది. దాని పాలకమండలికి ఓక్లూ తొలి అధ్యక్షురాలు.

ఇలా భట్ 2022 నవంబరు 2న కన్నుమూశారు. సూరత్‌లో చీరలకు అంచులు కుట్టే, రాళ్లు అతికించే పని నేటికీ ఎక్కువగా ఇళ్లలోనే, చీరకింత అనే కూలిపై సాగుతోంది. మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వలస వెళ్లిన కుటుంబాల స్త్రీలూ వారిలో ఉన్నారు. ఇటువంటి శ్రమకు ఇతర కార్మికులతో సమానమైన రక్షణ కల్పించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం దానిని ఇంకా ధ్రువీకరించలేదు.