నేల అడుగున హైడ్రోజన్: నూరేళ్ల నిల్వ ప్రయత్నాలు

ఎండా గాలీ మన అవసరం చూసుకుని రావు. మిగులు సౌరవిద్యుత్తుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసి, పూర్వం రైతులు ధాన్యాన్ని పాతరలో పోసినట్లు దాచుకోగలిగితే అవి లేనప్పటి విద్యుత్తు కొరత తీరుతుంది. చిక్కంతా దాచడంలోనే ఉంది. మామూలు పీడనంలో కిలో హైడ్రోజన్‌కు సుమారు 11 ఘనమీటర్ల చోటు కావాలి. ద్రవంగా మార్చాలంటే మైనస్ 253 డిగ్రీలకు చల్లబరచాలి. నెలల తరబడి నిల్వకు ఉక్కు ట్యాంకులు చాలవు కనుకనే ఇంజనీర్లు భూగర్భం వైపు చూశారు.

వాయువును నేలలో దాచే ప్రయత్నం 1915లో కెనడాలోని ఒంటారియోలో, ఖాళీ అయిన సహజవాయు క్షేత్రంలో మొదలైంది. హైడ్రోజన్ మాత్రం టౌన్‌గ్యాస్‌తో కలిసి భూమిలోకి దిగింది. బొగ్గు నుంచి తీసే ఆ వాయువులో దాదాపు సగం హైడ్రోజనే. ఫ్రాన్స్‌లోని బేన్‌లో 1956 నుంచి దాన్ని నీరు నిండిన రాతిపొరల్లో నిల్వ చేశారు. అప్పటి చెకొస్లొవేకియాలోని లోబొడీత్సెలోనూ అలాగే చేస్తే, రాతిలోని సూక్ష్మజీవులు హైడ్రోజన్‌లో కొంత భాగాన్ని మీథేన్‌గా మార్చేశాయి. రాయిని ఎంచుకునే ముందు అందులో బతికే జీవాన్నీ పరీక్షించాలని అక్కడ తెలిసింది.

ఆ బెడద తక్కువగా ఉన్న చోటు ఉప్పు పొర. నీరు పంపి ఉప్పును కరిగించి, ఉప్పునీటిని పైకి తోడేస్తే గుహ ఏర్పడుతుంది. ఉప్పు లోంచి వాయువు దాదాపుగా జారిపోదు. లోతులోని ఒత్తిడికి ఉప్పు మెల్లగా కదిలి పగుళ్లను తానే పూడ్చుకుంటుంది. బ్రిటన్‌లోని టీసైడ్‌లో ఐసీఐ సంస్థ 1972 నుంచి ఇలాంటి మూడు గుహలను హైడ్రోజన్‌కు వాడింది. ఒక్కొక్కటి సుమారు 70 వేల ఘనమీటర్లు. పైనుంచి ఉప్పునీటిని నింపుతూ తీస్తూ పీడనాన్ని నిలకడగా ఉంచడం అక్కడి పద్ధతి. అమెరికాలోని టెక్సస్‌లో 1983లో క్లెమెన్స్, 2007లో మాస్ బ్లఫ్ గుహలు వచ్చాయి. 1901లో చమురు ఎగజిమ్మి పేరుపొందిన స్పిండిల్‌టాప్‌లోనూ 2017 నాటికి అంతకన్నా పెద్ద గుహ సిద్ధమైంది.

ఈ ఉప్పు గుహలన్నీ రిఫైనరీల కోసం, రసాయన కర్మాగారాల కోసం పుట్టినవి. సహజవాయువు నుంచి తీసిన హైడ్రోజనే వీటికి ప్రధాన సరుకు. స్వచ్ఛ విద్యుత్తును రుతువు నుంచి రుతువుకు దాటించాలన్న లక్ష్యం ఇటీవలిది. అమెరికాలోనే యూటా రాష్ట్రంలోని డెల్టా వద్ద, నీటిని విడగొట్టే 220 మెగావాట్ల ఎలక్ట్రోలైజర్లకు తోడుగా రెండు ఉప్పు గుహలు తవ్వారు. వాటి నిల్వ సామర్థ్యం 300 గిగావాట్ అవర్లు. స్వీడన్‌లోని లూలియోలో గట్టిరాతిని తొలిచి, లోపల ఉక్కు పొర వేసిన 100 ఘనమీటర్ల ప్రయోగాత్మక గుహను 2022లో ప్రారంభించారు.

మనకు ఈ స్వీడన్ పాఠమే ముఖ్యం. విశాఖపట్నం గట్టిరాతిలో 60 వేల టన్నుల ఎల్‌పీజీ, 13.3 లక్షల టన్నుల ముడిచమురు పట్టే గుహలు ఇప్పటికే ఉన్నాయి. వాటిలో సరుకును బయటికి పోనివ్వకుండా ఆపేది చుట్టూ ఉన్న భూగర్భజలపు ఒత్తిడి. హైడ్రోజన్‌ను అంతకన్నా ఎంతో ఎక్కువ పీడనంలో దాచాలి కనుక ఆ ఏర్పాటు ఒక్కటే చాలదు; స్వీడన్‌లోలా ఉక్కు పొర కూడా కావాలి. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల హరిత హైడ్రోజన్ తీయాలన్నది దేశ లక్ష్యం. దానికోసం అనకాపల్లి జిల్లా పూడిమడక వద్ద 2025 జనవరిలో పెద్ద కేంద్రానికి శంకుస్థాపన కూడా జరిగింది. ఉత్పత్తికి పెడుతున్న శ్రద్ధలో కొంతైనా నిల్వకు పెట్టాలి. తూర్పుకనుమల రాతినీ, కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఖాళీ అవుతున్న వాయు క్షేత్రాలనూ మన భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ దృష్టితో ఇప్పుడే పరీక్షించాలి.