వర్తకుడును అధ్యక్షపీఠమును

అమెరికా సంయుక్త రాష్ట్రముల రాజ్యాంగమును 1787లో ఫిలడెల్ఫియా నగరమున కూర్చుండి రచించిన పెద్దలు, దేశాధ్యక్షుడు కాగోరువానికి విధించిన అర్హతలు మిక్కిలి స్వల్పములు. అతడు జన్మచేతనే ఆ దేశపు పౌరుడై యుండవలెను. 35 ఏండ్లు నిండినవాడు కావలెను. 14 ఏండ్లు ఆ గడ్డపై నివసించి యుండవలెను. అతడు పండితుడా, సైనికుడా, ప్లీడరా, వర్తకుడా యన్న విచారణ అందులో లేదు. ఆ విచారణను ప్రజలే తమ తమ కాలముల యభిరుచి ననుసరించి చేసికొనుచు వచ్చిరి. తొలి నూరేండ్లలో యుద్ధములు గెలిచిన సేనానులును, న్యాయస్థానములలో వాదించి పేరు గడించినవారును ఆ పీఠమునకు తగినవారుగా కన్పట్టిరి. వ్యాపారమున కోట్లు కూడబెట్టినవాడు రాజ్యమును సైతము లాభసాటిగా నడుపగలడన్న నమ్మకము, రైలుమార్గములును చమురుబావులును ఉక్కు కర్మాగారములును దేశమంతట నల్లుకొనిన పిమ్మట, ఇరువదవ శతాబ్దమున గాని బలపడలేదు.

ఆ నమ్మకమే అంతకుముందు ప్రబలియుండినచో అబ్రహాము లింకను అధ్యక్షుడై యుండడు. 1832-33 ప్రాంతమున ఇల్లినాయి రాష్ట్రమందలి న్యూ సేలమను పల్లెలో విలియం బెర్రీ యను భాగస్వామితో కలసి ఆయన నడపిన చిల్లర దుకాణము నిలువక మూతపడినది. 1835లో బెర్రీ మరణింపగా ఉమ్మడి ఋణమంతయు ఆయన తలపై పడినది. దానికి జాతీయ ఋణమని తానే వేళాకోళపు పేరు పెట్టి, ఏండ్ల తరబడి సంపాదించి, ఆ బాకీ నాయన తీర్చెను. తన వైఫల్యమును తానే నవ్వుకొనగలిగిన యీ గుణము, అంగడి లెక్కలలో ఎక్కడను చేరనిది, తరువాతి కాలమున తనను హేళనచేసిన వారినే మంత్రివర్గమున చేర్చుకొని పనిచేయించుకొనుటకు ఆయనకు తోడ్పడినదని నా యభిప్రాయము.

1920వ దశకము వర్తకుల స్వర్ణయుగము. ఒహాయోలో పత్రికాధిపతియైన హార్డింగు అధ్యక్షుడయ్యెను. పిట్స్‌బర్గు బ్యాంకరైన ఆండ్రూ మెలను కోశాగారమునకు కార్యదర్శి యయ్యెను. ఆ వెనుక వచ్చిన కూలిడ్జి, అమెరికా ప్రజల ముఖ్యవృత్తి వ్యాపారమేయని 1925లో పత్రికాసంపాదకుల సభలో నిర్మొగమాటముగా పలికెను. ఈ వాతావరణముననే మోటారుబండ్ల తయారీలో జగద్విఖ్యాతుడైన హెన్రీ ఫోర్డు పేరు అధ్యక్షపదవికి వినవచ్చినది. ఆయన 1918లో నాటి అధ్యక్షుడు విల్సను ప్రోద్బలముచే మిషిగను నుండి సెనేటునకు పోటీచేసి స్వల్పముగా ఓడియుండెను. 1919లో, తనను అరాచకవాది యని వ్రాసిన షికాగో ట్రిబ్యూను పత్రికపై తాను వేసిన పరువునష్టపు దావాలో బోనెక్కి, అమెరికా స్వాతంత్ర్యవిప్లవము ఎప్పుడు జరిగినదని ప్రతిపక్ష న్యాయవాది యడుగగా, 1812లో అని చెప్పెను! జూరీవారు పత్రికదే తప్పని తేల్చి, ఫోర్డు పరువునకు ఆరు సెంట్లు పరిహారముగా నిర్ణయించిరి. అయినను 1923 నాటికి ఆయనను అధ్యక్షుని చేయవలెనని దేశమున సంఘములు వెలసినవి. చివరకు ఆయనే కూలిడ్జిని బలపరచి తప్పుకొనెను. చరిత్ర నెరుగకుండుట మోటారుబండ్లు చేయువానికి లోపము కాదు. ఎరుగకుండియు ఎరుగవలసిన పనియే లేదనుకొనుట మాత్రము పాలకుడు కాగోరువానికి సామాన్యమైన లోపము కాదు.

ఫోర్డు విషయమున పరీక్ష తప్పిపోయినది; హెర్బర్టు హూవరు విషయమున జరిగినది. 1874లో అయోవా రాష్ట్రమున వెస్ట్ బ్రాంచి యను చిన్న యూర, క్వేకరు మతస్థుడైన కమ్మరి యింట పుట్టి, పదేండ్లు నిండకమునుపే తలిదండ్రులను కోల్పోయి, ఆరెగానులో మేనమామ పోషణమున పెరిగి, 1891లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము తెరువబడిననాడు చేరిన తొలి విద్యార్థులలో నొకడై భూగర్భశాస్త్రము నభ్యసించి, కాలిఫోర్నియా గనిలో ఖనిజపు బండ్లు నెట్టు కూలిగా జీవితము నారంభించిన యీ మనుష్యుడు, 1897లో లండను నగరపు గనుల కంపెనీ యొకదాని పక్షమున పశ్చిమ ఆస్ట్రేలియా బంగారుగనులకు పోయి, అచ్చటినుండి చీనాకు పోయి, 1900లో బాక్సరు తిరుగుబాటునాడు తియెన్‌త్సిన్ ముట్టడిలో భార్యాసమేతముగా చిక్కి బయటపడి, బర్మాలోని బాడ్విన్ గనులలో వెండి, సీసము తీయు పరిశ్రమకు ప్రాణము పోసి, నలువదేండ్లు నిండునప్పటికి స్వార్జితముచే గొప్ప ధనికుడయ్యెను. అంతేకాదు, గనుల శాస్త్రముపై అగ్రికోలా యను పూర్వపండితుడు లాటినున రచించిన మహాగ్రంథమును భార్య లూ హెన్రీతో కలసి ఇంగ్లీషులోనికి పరివర్తించి 1912లో ప్రకటించెను. అధ్యక్షపదవిని కోరిన వర్తకులలో ఇంతటి విద్వాంసుడు మరియొకడు లేడు.

1914లో యూరపు మహాసంగ్రామము పుట్టి, బెల్జియము జర్మను సేనల వశమై, బ్రిటిషు నౌకాదళపు దిగ్బంధముచే ఆ దేశమునకు ధాన్యము చేరని దుర్దశ సంభవింపగా, హూవరు తన వ్యాపారమును ప్రక్కకు నెట్టి అన్నదానమునకు పూనుకొనెను. ఆయన స్థాపించిన సహాయసంఘమునకు సొంత జెండా కలదు, ఓడలు కలవు, పోరాడుచున్న రెండు పక్షముల వారును దానికి దారి యిచ్చిరి. బెల్జియమునను ఉత్తర ఫ్రాన్సునను సుమారు 90 లక్షల మందికి అది తిండి పెట్టినది. 1921లో రష్యాలో కరవు రాగా, బోల్షివిక్కులను ద్వేషించుచునే, వారి ప్రజలకు ఆయన అన్నము పంపెను. ఈ కార్యములందెల్ల ఆయన కోరినది ఒక్కటే: అధికారము అవిభక్తముగా తనకు దక్కవలెను, లెక్కలు మాత్రము ఎవరైనను చూడవచ్చును. యుద్ధకాలమున లోకము ఆయన కోరినది ఇచ్చినది. ఆయన ఫలము చూపెను.

ఎనిమిదేండ్లకు సమీపముగా వాణిజ్యశాఖా కార్యదర్శిగా నుండి, 1928లో అధ్యక్షపదవికి నిలిచి 444 ఎన్నిక ఓట్లతో, 87 మాత్రమే పొందిన ఆల్ స్మిత్తును ఓడించెను. ప్రజలు ఓట్లు వేసి ఇచ్చిన పదవి అంతకుముందు ఆయన ఎన్నడును వహింపలేదు, మొదటిదే అత్యున్నతమైనది. 1929 మార్చిలో ప్రమాణము చేసెను. అక్టోబరులో న్యూయార్కు షేర్ల విపణి కుప్పకూలినది.

హూవరు చేతులు ముడుచుకొని కూర్చుండెనన్న లోకాపవాదము సత్యము కాదు. ఆ నవంబరులోనే పెద్ద పరిశ్రమాధిపతులను శ్వేతభవనమునకు పిలిపించి, కూలిరేట్లు తగ్గింపవలదని వారిచే ఒప్పించెను. ఫోర్డు మరియొక యడుగు వేసి రోజుకూలిని 7 డాలర్లకు పెంచెను. మాట మాటగానే నిలిచినది. 1931 శరత్కాలమున యునైటెడ్ స్టేట్స్ స్టీలు కంపెనీ కూలిలో నూటికి పదివంతులు కోసివేయగా తక్కినవారు వెంబడించిరి. ఫోర్డు సైతము తగ్గించెను. గనిలో మేనేజరు ఆజ్ఞాపించినచో ఆజ్ఞ నెరవేరును, నెరవేర్పనివాడు మరునాడు పనిలో నుండడు. శ్వేతభవనమున అధ్యక్షుడు ఆజ్ఞాపించునది బహుస్వల్పము, ఒప్పించునదే అధికము. ఒప్పినవారు తప్పినచో శిక్షించు సాధనము ఆయనకు లేదు, ఆ వాగ్దానములకు వెనుక చట్టబలమును తెచ్చుకొనవలెనన్న బుద్ధియు హూవరునకు పుట్టలేదు.

ఇక సుంకముల చట్టము. దిగుమతులపై పన్నులు పెంచు స్మూట్-హాలీ బిల్లును నిరాకరింపుమని వేయిమందికి పైబడిన అర్థశాస్త్రజ్ఞులు సంతకములు చేసి వేడుకొనినను, తన పక్షమువారిని ఎదిరింపజాలక, 1930 జూనులో ఆయన దానిపై చేవ్రాలు చేసెను. ప్రపంచమంతట గనులు త్రవ్వించి, పరదేశముల వర్తకము నంతగా నెరిగినవాడు ఆ బిల్లునకు సమ్మతించుట చూడగా, అనుభవము కలిగియుండుట వేరు, సమయమునకు అది అక్కరకు వచ్చుట వేరు అని తోచును.

అర్కాన్సా రాష్ట్రపు అనావృష్టి నాటి కథ అంతకంటెను బాధాకరము. 1930లో పైరులెండి, 1931 జనవరిలో ఇంగ్లండు అను చిన్న పట్టణమున ఆకలిగొన్న రైతులు అంగళ్లపై కవిసిరి. విత్తనములకు, పశువుల మేతకు ప్రభుత్వము ఋణమీయవచ్చునని హూవరు అంగీకరించెను గాని, మనుష్యుల తిండికి కేంద్రకోశము నుండి పైక మీయుట ప్రజల స్వావలంబనమును చెరచునని పట్టుపట్టెను. బెల్జియమునకు అన్నము పెట్టిన చేతులు కావా ఇవి? క్రూరత్వము ఆయనకు లేదు. తన జీతమును సైతము ఆయన దానములకే వినియోగించెను. అనాథగా పెరిగిన తాను స్వయంకృషిచే పైకి వచ్చితిని గనుక ఎల్లవారును అట్లే రాగలరన్న సిద్ధాంతమొకటి ఆయన మనస్సున శిలాశాసనమై యుండెను. తన జీవితమే ప్రమాణమని నమ్మినవానికి ఇతరుల జీవితము ప్రమాదముగా కన్పట్టును గాని పాఠముగా కన్పట్టదు.

హూవరు స్వాతిశయము ఇట్టిది. అది సభలలో తొడగొట్టునది కాదు. మౌనముగా నుండి ఎదుటివాని మాటకు చెవి నీయనిది. పత్రికల విమర్శను స్వద్రోహముగా భావించుకొనెను. కాంగ్రెసు సభ్యులతో పొత్తు కుదుర్చుకొనుట తన స్థాయికి తగదనుకొనెను. తాను కనుగొన్న సత్యమును ప్రజలకు నచ్చజెప్పుట అనవసరమైన శ్రమగా తలచెను. 1932 జనవరిలో బ్యాంకులకును రైలుకంపెనీలకును ఋణములిచ్చు ఫైనాన్సు కార్పొరేషను స్థాపించెను, కాని వీధులలో నిలిచిన నిరుద్యోగులకు అది దూరమైన వార్త. ఊళ్ల శివార్లలో రేకులతో అట్టలతో కట్టుకొనిన పేదల గుడిసెలకు ఆయన పేరే పెట్టి పిలిచిరి. ఆ జూలైలో యుద్ధభృతి ముందుగా నిమ్మని వాషింగ్టనునకు వచ్చిన మాజీ సైనికుల మకాములను సేనాని మెకార్థరు దళములు తగులబెట్టినవి. నవంబరు ఎన్నికలో ప్రత్యర్థి రూజ్వెల్టునకు 472 ఎన్నిక ఓట్లు, హూవరునకు 59.

వర్తకు లెల్లరు హూవరు వంటివారని చెప్పరాదు. 1940లో రిపబ్లికను అభ్యర్థియైన వెండెల్ విల్కీ, విద్యుత్ కంపెనీల సమాఖ్యకు అధిపతియై, టెన్నెస్సీ లోయ ప్రాధికారసంస్థతో ఏండ్ల తరబడి వాదములాడి, ఏ ప్రభుత్వపదవిని వహింపకయే పోటీకి దిగి ఓడెను. ఓడిన రెండు మూడు నెలలకే, తనను ఓడించిన రూజ్వెల్టు లేఖను చేతబట్టుకొని లండను పోయి, బ్రిటనునకు సహాయము చేయవలెనని తన పక్షమునే ఎదిరించి వాదించెను. పరాజయమును జీర్ణించుకొనగల అభిమానము ప్రమాదకరము కాదు. 1992లో కంప్యూటరు వ్యాపారి రాస్ పెరో నూటికి సుమారు 19 ఓట్లు సంపాదించియు ఒక్క రాష్ట్రమును గెలువలేదు. జూలైలో విరమించి అక్టోబరులో మరల వచ్చిన వానిని జనులు పూర్తిగా నమ్మలేదు.

2016లో గెలిచిన డానల్డు ట్రంపు, ప్రభుత్వపదవి గాని సైనికసేవ గాని పూర్వమెరుగక అధ్యక్షుడైన మొదటివాడు. భవనముల వర్తకుడు, అట్లాంటిక్ సిటీలోని ఆయన జూదశాల 1991లో దివాలా న్యాయస్థానము చూచినది. చెడిన వ్యవస్థను చక్కదిద్దుట తన యొక్కని వల్లనే అగునని క్లీవ్‌లాండు సభలో ఆయన ప్రకటించెను. ఒప్పందములు కుదుర్చుటలో తనకు సాటిలేరని చెప్పుకొనిన ఆయనయే, 2017 జూలైలో ఒబామా నాటి ఆరోగ్యచట్టమును తొలగింప యత్నింపగా, తన పక్షపు సెనేటర్లే ముగ్గురు ఎదురు తిరిగి, బిల్లు 49-51 ఓట్లతో వీగిపోయినది. కోవిడు కాలమున మాత్రము, టీకాలను ముందుగానే కొందుమని కంపెనీలకు హామీలిచ్చి తయారీని త్వరపరచిన పథకము వర్తకుని బుద్ధికి తగినదై సఫలమైనదని ఒప్పుకొనక తప్పదు. కొనుగోలు చేయవలసిన చోట వ్యాపారానుభవము పనికివచ్చును; పాలనలో కొనుగోలు చేయవలసినవి కొన్నియే.

హారీ ట్రూమన్ కథ చెప్పక ఈ ప్రసంగము ముగియదు. సైన్యమున పరిచితుడైన ఎడ్డీ జాకబ్సనుతో కలసి 1919లో కాన్సాస్ సిటీలో ఆయన పెట్టిన మగవారి దుస్తుల అంగడి 1922లో మూతపడినది. దివాలా ప్రకటింప నిరాకరించి ఏండ్ల తరబడి ఋణము తీర్చుకొనెను. మిస్సోరీ రాజకీయములలో మెట్టుమెట్టుగా ఎక్కి, 1945 ఏప్రిలులో రూజ్వెల్టు మరణింపగా అధ్యక్షుడయ్యెను. పన్నెండేండ్లుగా శ్వేతభవనపు గడప తొక్కని హూవరును ఆ మేలోనే పిలిపించి సలహా యడిగినవాడు ఈ చెడిన వర్తకుడే. మరుసటి యేడు ట్రూమన్ కోరికపై లోకపు ఆహారస్థితిని విచారించుటకు బయలుదేరిన హూవరు మన దేశమునకును వచ్చి పోయెను. 1947లో ప్రభుత్వశాఖల పునర్వ్యవస్థీకరణమునకు ఏర్పడిన సంఘమునకు అధ్యక్షత వహించి, రెండేండ్లలో ఆయన సమర్పించిన సిఫారసులలో అధికభాగము అమలులోనికి వచ్చినవి. లెక్కలు చూచుట, శాఖలు సర్దుట, దుబారా కోయుట హూవరునకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ విద్యకు తగిన పని ఆయనకు దొరకినది అధ్యక్షపీఠముపై కాదు, ఆ పీఠముపై కూర్చుండిన దుస్తుల వర్తకుని కొలువున.