స్పెషల్ హోమ్ నుంచి ఇంటికి: బాలల పునరావాసం

నేరం చేసినట్టు తేలిన 18 ఏళ్లలోపు బాలలను మన దేశంలో స్పెషల్ హోమ్‌కు పంపవచ్చు. అక్కడి గడువు ముగిసి ఇంటికొచ్చిన పిల్లలు చదువులోనో పనిలోనో కుదురుకునేందుకు అందించే తోడ్పాటే పునరావాసం. దీనికి ఆధారం 2016 జనవరి 15న అమల్లోకి వచ్చిన 2015 నాటి బాలల న్యాయ చట్టం. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండే జువైనల్ జస్టిస్ బోర్డు ఎవరినైనా స్పెషల్ హోమ్‌లో మూడేళ్లకు మించి ఉంచలేదు. పిల్లల్ని ఇంటికి దూరం చేయడం చిట్టచివరి మార్గం కావాలన్నది చట్టంలోని మూలసూత్రాల్లో ఒకటి. కాబట్టి తిరిగి ఇంటికి పంపే ఏర్పాట్లు హోమ్‌లో చేరిన రోజు నుంచే మొదలవ్వాలి.

ప్రొబేషన్ ఆఫీసరు ఇంటికి వెళ్లి, ఇంట్లోవాళ్లతో మాట్లాడి సామాజిక విచారణ నివేదిక రాస్తారు. ఒక్కొక్కరికీ విడిగా వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఉంటుంది. పరీక్షలకు, బంధువుల పెళ్లికి, అయినవాళ్లు పోయినప్పుడు, తల్లిదండ్రుల ఆరోగ్యం విషమించినప్పుడు సాధారణంగా ఏడు రోజులు మించకుండా సెలవిచ్చి ఇంటికి పంపవచ్చు. ఇది దయతో ఇచ్చే వెసులుబాటు మాత్రమే కాదు. ఆ బిడ్డను ఇంట్లో ఎవరు దగ్గరకు తీశారో, ఎవరు ముఖం చాటేశారో విడుదలకు ముందే తెలుసుకునే అరుదైన అవకాశం.

2016 నమూనా నియమాల్లోని ప్రణాళిక ఫారం విడుదలతో ముగిసిపోదు. సంపాదన, సొంత వస్తువులు అప్పగించారా, బ్యాంకు ఖాతా సంగతేమిటి, బడిలో చేరాడా, నేర్చుకున్న పని అక్కరకొస్తోందా, ఇంట్లోవాళ్లు ఎలా చూస్తున్నారు అని అడుగుతుంది. రెండు నెలల తర్వాత ఒకసారి, ఆరు నెలల తర్వాత ఒకసారి మళ్లీ కలిసి వివరాలు రాయాలి. జనన, కుల ధ్రువపత్రాలు, రేషన్ కార్డు, ఆధార్ ఉన్నాయో లేవో చూడాలి. పైకి ఇవి మామూలు కాగితాలే. కానీ టీసీ దొరక్క, వయసు మించిపోయి బడి గుమ్మం దగ్గరే ఆగిపోయే పిల్లవాడికి అవే ప్రాణాధారం. అలాంటివారు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి, ఇంటర్ పరీక్షలు రాయవచ్చు.

కుటుంబాన్ని సిద్ధం చేయడం అన్నిటికన్నా కష్టం. కోర్టు ఖర్చులకు అప్పులపాలైన తండ్రి, చుట్టుపక్కలవాళ్ల మాటలకు కుంగిపోయిన తల్లి బిడ్డ రాకకు సంతోషిస్తూనే భయపడతారు. బాధితులది కూడా అదే వీధి అయితే, కొంతకాలం మేనమామ ఇంట్లోనో పెదనాన్న ఇంట్లోనో ఉంచడం ఇరుపక్షాలకూ మంచిది. ఈ సంగతి విడుదల రోజున కాదు, ప్రణాళికలోనే తేల్చుకోవాలి.

18 ఏళ్లు నిండి సంస్థ నుంచి బయటికొచ్చేవారికి 21 ఏళ్లు వచ్చేదాకా అనంతర సంరక్షణ పొందే వీలుంది. మిషన్ వాత్సల్య పథకం కింద ఇందుకు నెలకు 4,000 రూపాయలు నిర్ణయించారు. ఇది జిల్లా బాలల పరిరక్షణ విభాగం ద్వారా అందుతుంది. నగరంలో గది అద్దె కట్టుకుని పని నేర్చుకునే కుర్రాడికి ఇది ఏమాత్రం చాలదు.

ఈ చట్టంలో అత్యంత విలువైనది 24వ సెక్షన్. పాత కేసు కారణంగా బాలలకు ఎలాంటి అనర్హతా ఉండకూడదని, అప్పీలు గడువు దాటాక రికార్డులు తొలగించాలని అది చెబుతుంది. పేరు, ఊరు, బడి వంటి గుర్తింపు వివరాలు పత్రికల్లో బయటపెడితే 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఘోరమైన నేరాల్లో 16 ఏళ్లు నిండి, పెద్దలతో సమానంగా బాలల కోర్టులో విచారణ జరిగి దోషులుగా తేలినవారికి 24వ సెక్షన్ రక్షణ వర్తించదు. శిక్షాకాలం మిగిలి ఉండగా 21 ఏళ్లు నిండితే బాలల కోర్టు వారిని మళ్లీ పరిశీలిస్తుంది. మార్పు వచ్చిందని నమ్మితే పర్యవేక్షణ షరతులతో ఇంటికి పంపవచ్చు.