కడలిపై ఆపద్దీపము



శ్రీహరికోట యనగానే మనకు నింగికెగయు రాకెట్లు స్ఫురించును. 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి-125 అను చిన్న రాకెట్టు ఇచటనుండి లేచినది. నాటినుండి ఆ దీవి యగ్నిక్షేత్రమైనది. కాని పులికాటు సరస్సు తీరమున కగ్నివిద్య క్రొత్తది కాదు. సరస్సు దక్షిణపు టంచున నున్న పులికాటు పట్టణమున 17వ శతాబ్దమున డచ్చివారు తుపాకిమందు చేయించిరి. నాటి మందు యుద్ధమునకు, నేటి యింధనము శాస్త్రమునకు. ప్రాణరక్షణకై పుట్టిన చిన్న యగ్ని మరియొకటి కలదు. దాని చరిత్రయే నేటి ప్రసంగవిషయము.

దీపావళినాడు పిల్లలు చేతబట్టు మతాబు మీరెరిగినదే. పారసీకమున 'మహతాబు' అనగా వెన్నెల. పూర్వము ఓడవారు ఇట్టి నీలికాంతి దివ్వెలనే రాత్రివేళ సంజ్ఞలకు వాడిరి. ఐరోపీయులు వానిని బెంగాలు దీపము లనిరి. అమెరికాయందు మార్తా కోస్టన్ అను వితంతువు, భర్త విడిచిపోయిన యసంపూర్ణమైన వ్రాతల నాధారముగా గొని, రసాయనజ్ఞుల తోడ్పాటుతో ఏండ్లకొలది శ్రమించి, రంగురంగుల రాత్రిసంజ్ఞలను సిద్ధపరచెను. వానికి 1859లో పేటెంటు లభించినది.

అయినను వెలుగొక్కటే చాలదు. 1912 ఏప్రిల్ 15వ తేదీ తెల్లవారుజామున టైటానిక్ ఓడ మునుగుచు తెల్లని రాకెట్లు వదలినది. సమీపమున నిలిచియున్న కాలిఫోర్నియన్ ఓడపై కావలివారు వానిని చూచిరి. ఆపద యని మాత్రము నిశ్చయింపలేకపోయిరి. నాటి ప్రమాదమున 1,500 మందికి పైగా మరణించిరి. భాషకువలె సంజ్ఞకును, పలుకువాడును వినువాడును ఒకే యర్థ మెరిగియుండవలెను గదా! 1914లో సముద్రమున ప్రాణరక్షణకై దేశము లొడంబడిక చేసికొనుటకు ఈ విపత్తే కారణము. ఆ పరంపరలో వచ్చిన నేటి నిబంధన ప్రకారము, ఓడలలోని చేతిమతాబు ఎర్రగా, 15,000 కొవ్వొత్తుల వెలుగుతో, కనీస మొక నిమిషము మండవలెను. నీట ముంచినను పది సెకండ్ల వరకు ఆరరాదు.

ఒక్క నిమిషమే గనుక దానిని తొందరపడి వెలిగింపరాదు. ఓడయో విమానమో కంటబడిన పిమ్మటనే వెలిగింపవలెను. గాలి పోవు దిక్కున పడవ యంచు వెలుపలకు చేయి చాచి పట్టుకొనవలెను. లేనిచో నిప్పుకణములు పడవలోనే రాలును. వెలుగువంక చూడరాదు. పొడిచోట దాచి, పైనున్న గడువు దాటినంతనే క్రొత్తది తెచ్చుకొనవలెను. వేడుకకు కాల్చుట మహాపరాధము.

ఇస్రోవారు రూపొందించిన ఆపత్సూచక యంత్రము 2010 నుండి జాలరుల పడవలలో వాడుకయందున్నది. 2024లో వెలువడిన రెండవ తరము యంత్రము మొర నుపగ్రహము ద్వారా తీరమునకు చేర్చుటయే గాక, మొర విన్నా మను ప్రత్యుత్తరమును గూడ పడవకు పంపును. అయినను రక్షకులు దగ్గరకు వచ్చిన వేళ, చీకటిలో చిన్నపడవ జాడ చూపునది చేతిలోని ఎర్రదివ్వెయే.

ఆకాశమున నగ్నిని చూచుట కలవాటుపడిన తీరము మనది. కావున నొక హెచ్చరిక. రాత్రివేళ కడలిమీద, నీటికి దాపున, ఎర్రని వెలుగు నిలిచి మండినచో అది రాకెట్టు కాదు, పండుగయు కాదు, మనిషి పిలుపు. వెంటనే తీరరక్షకదళమునకు 1554 సంఖ్యకు టెలిఫోను చేయుడు. ఆనాడు కాలిఫోర్నియన్ వారు చూచి యూరకుండిరి. మన మట్లుండరాదు.