నిజాం మీద బాంబు ఎందుకు గురి తప్పింది? (మన చరిత్ర – 17)



పోయినవారం 1944 జులై 20న హిట్లర్‌ను చంపబోయిన జర్మన్ సైనికాధికారుల గురించి రాశాను. స్టౌఫెన్‌బర్గ్ పెట్టిన బాంబు పేలింది గానీ, మందపాటి బల్ల కాలు అడ్డొచ్చి హిట్లర్ బతికాడు. బతికున్నాడని తెలియగానే బెర్లిన్‌లో కుట్ర కూలిపోయింది. గుడివాడ నుంచి ఒక తమ్ముడు, "మన దగ్గర ఇలాంటిది జరగలేదా అన్నా?" అని అడిగాడు. జరిగింది తమ్ముడూ. కాకపోతే వీళ్లు సైనికులు కాదు.

1947 డిసెంబర్ 4, హైదరాబాద్. ఆర్యసమాజ్ యువకుడు నారాయణరావు పవార్, తోడు ఇంకో ఇద్దరు, కింగ్ కోఠీ దగ్గర నిజాం కారు కోసం కాపు కాశారు. పవార్ విసిరిన బాంబు కారుకు తగిలింది. నిజాంకు ఏమీ కాలేదు. మిగతా ఇద్దరికీ అవకాశం రాలేదు. పవార్‌కు ఉరిశిక్ష వేశారు. అది అమలు కాలేదు.

గురి తప్పింది కాబట్టి ఓడిపోయారని అందరూ అంటారు. నా ప్రశ్న వేరు. తగిలితే ఏమయ్యేది? కాసిం రజ్వీ రజాకార్లు ఉన్నారు. ఊరూరా దొర గడీ ఉంది. గడీ ముందు వెట్టి చేసే మాల మాదిగలు ఉన్నారు. జర్మన్ అధికారులూ అంతే, పై నుంచి ఆర్డర్లు మార్చాలనుకున్నారు గానీ కింది జనాన్ని కలుపుకోలేదు.

అప్పుడు మనవాళ్లెక్కడున్నారు? బి.ఎస్. వెంకట్రావ్, శ్యామ్ సుందర్ లాంటి నాయకులు నిజాం వైపు నిలిచారు. కాంగ్రెస్ వస్తే సవర్ణుల రాజ్యమేనని వాళ్ల భయం. బాంబుకు వారం ముందే బాబాసాహెబ్ హైదరాబాద్ ఎస్సీలకు చెప్పారు: ఎట్టి పరిస్థితిలోనూ నిజాం పక్షం చేరొద్దని. ఆ భయమూ నిజమే, ఈ హెచ్చరికా నిజమే.

1948 సెప్టెంబర్ 13న బెజవాడ నుంచి కూడా సైన్యం కదిలింది. 17న నిజాం లొంగిపోయాడు. 1949లో పవార్ విడుదలయ్యాడు. 1950 జనవరి 26న అదే నిజాం రాజ్‌ప్రముఖ్ అయ్యాడు, 1956 దాకా!

మా నాయనమ్మ పుట్టిల్లు కోదాడ పక్క, మెట్టినిల్లు జగ్గయ్యపేట దగ్గర మాలపల్లె. మిలటరీ లారీలు పోయాక పుట్టింటికెళ్లింది. పారిపోయిన దొర గాంధీ టోపీ పెట్టుకుని తిరిగొచ్చాడట. ఆమె తమ్ముడు మళ్లీ ఆ గడీ ముందే నిలబడి ఉన్నాడట.

"టోపీ మారిందిరా అయ్యా, దొర మారలా" అనేది.

బాంబు గురి తప్పింది కారు దగ్గర కాదు, ఆ గడీ దగ్గర.